బొరియ లేని కుందేలు
కరీంనగరు, ఆదిలాబాదు పెరళ్లలో మాంసమునకై కుందేళ్ల పెంపకము

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో రైతును కుందేలును గూర్చి అడిగినచో అతనికి మొదట జ్ఞప్తికి వచ్చునది చెవులపిల్లి. పత్తి చేలలోను, కంది సాళ్ల నడుమను, అడవి అంచులందలి బీళ్లలోను అది కనబడును. అడుగుల చప్పుడు వినగానే దుమికి పరుగెత్తిపోవును. పట్టణములలో పంజరములయందు అమ్మెడి తెల్లని కుందేలును చూచినవారు అదియు ఈ చెవులపిల్లి సంతతియే అనుకొందురు. తెలుగులో రెండింటికిని కుందేలు అను ఒకే పేరు వాడుకలో నుండుట ఈ పొరపాటునకు కొంత కారణము.

జీవశాస్త్రము ప్రకారము ఇవి రెండును వేరు వేరు జాతులు. చెవులపిల్లి శరీరకణములలో 48 క్రోమోసోములు ఉండగా పెంపుడు కుందేలులో 44 మాత్రమే యుండును. ఒకదానితో మరొకటి జతపడి సంతానము కనజాలవు. చెవులపిల్లి బొరియ త్రవ్వదు. గడ్డి దుబ్బుల నడుమ చిన్న గుంటలో ఈనును. దాని పిల్లలు ఒంటినిండ బొచ్చుతో, తెరచిన కన్నులతో పుట్టును. పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేక, కన్నులు మూసికొని, ఎలుక పిల్లలవలె పుట్టును. చెవులపిల్లిని వేటాడుట, పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. కావున అడవినుండి పట్టి తెచ్చి పెంచుదమను ఆలోచన శాస్త్రరీత్యాను చెల్లదు, చట్టరీత్యాను చెల్లదు. పెరటిలో పెంచదగినది పెంపుడు కుందేలు మాత్రమే.

దీని పూర్వుల జన్మస్థానము ఐరోపా ఖండపు నైరృతి భాగము, అనగా నేటి స్పెయిన్, పోర్చుగల్ దేశములు. ఆ అడవి కుందేళ్లు నేలలో లోతుగా బొరియలు త్రవ్వి గుంపులుగా నివసించును. పగటి యెండ హెచ్చినపుడు లోపల దాగి, ప్రొద్దువాలిన తరువాత మేతకు బయటికి వచ్చును. మట్టి వేడిని త్వరగా లోనికి పోనీయదు గనుక పైన మండుచున్నను బొరియలో చల్లగా నుండును. శత్రువులనుండి రక్షణతోపాటు ఎండనుండి రక్షణయు ఆ బొరియయే. మానవుడు కుందేలును పంజరములో పెట్టినపుడు దానికి మేత ఇచ్చెను, నీరు ఇచ్చెను, కాని బొరియను తీసివేసెను. ఉత్తర తెలంగాణములో కుందేళ్ల పెంపకము నిలుచుటయు చెడుటయు చాలవరకు ఈ ఒక్క విషయముపైననే ఆధారపడియున్నది. బొరియ చేయు పనిని పెంపకందారుడు తన చేతులతో చేయవలసి యుండును.

మాంసమునకై పెంచెడి జాతులలో న్యూజీలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, గ్రే జెయింట్, వైట్ జెయింట్ ముఖ్యమైనవి. రాజస్థానములోని అవికానగరున గల కేంద్ర గొఱ్ఱెలు, ఉన్ని పరిశోధన సంస్థ వీటిపై చాలకాలము పరిశోధనలు జరిపినది. ఆ సంస్థ దక్షిణ శాఖ తమిళనాడులో కొడైకెనాల్ కొండలపై, సుమారు 2,000 మీటర్ల ఎత్తున, మన్నవనూరులో కలదు. అచటి చల్లదనము కుందేలునకు పుట్టినింటి వంటిది. అటువంటి చోట చూచిన లెక్కలను మైదానమునకు తెచ్చి అన్వయించుకొన్నవారు తరువాత చిక్కులు పడుదురు.

కుందేలునకు హాయిగా నుండు వాతావరణము 15 నుండి 25 డిగ్రీల సెంటీగ్రేడు వరకు. 30 దాటినచో మేత తగ్గించును; 35 దాటినచో ప్రాణాపాయము మొదలగును. రామగుండములో మే నెలలో 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు. ఇంత వేడిని కుందేలు ఎందుకు ఓర్వలేదు? మనుష్యునివలె దానికి చెమట పోయదు. దాని ఒంటిపై స్వేదగ్రంథులు లేవనియే చెప్పవచ్చును. వేడిని వెలికి పంపుటకు దానికి గల ముఖ్య సాధనములు చెవులు, ఊపిరి. చెవుల పలుచని చర్మము క్రింద రక్తనాళములు వలవలె అల్లుకొని యున్నవి. ఒంటిలో వేడి హెచ్చినపుడు ఆ నాళములు వ్యాకోచించి, రక్తము చెవులలోనికి హెచ్చుగా పారి, గాలికి తగిలి చల్లబడి తిరిగి వచ్చును. మోటారు బండికి రేడియేటరు ఎట్టిదో కుందేలునకు చెవులు అట్టివి.

కాని ఇందొక చిక్కు కలదు. వేడి ఎల్లప్పుడును హెచ్చు వేడి గల వస్తువునుండి తక్కువ వేడి గల దానికి ప్రవహించును. కుందేలు ఒంటి వేడి సుమారు 39 డిగ్రీలు. బయటి గాలి 25 డిగ్రీలున్నపుడు చెవులు వేడిని బయటికి పంపును. గాలి 43 డిగ్రీలైనచో అవే చెవులు బయటి వేడిని లోనికి తెచ్చును. ఇక మిగిలినది ఊపిరి మాత్రమే. కుందేలు వేగముగా ఎగరోజుచు, ముక్కు, మూతి తడియై, ప్రక్కకు ఒరిగి కాళ్లు చాచి పడుకొన్నదనగా ప్రమాదము దగ్గర పడినదని అర్థము. అపుడు చెవులను చల్లని నీటితో తడిపి నీడకు మార్చవలెను. ఒక్కమారుగా మంచునీటిలో ముంచరాదు.

ఇచట ప్రకృతి ఒక మేలును చేసినది. ఉత్తర తెలంగాణపు వేసవి గాలి వేడిదే గాని పొడిది. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలో కేలరీల వేడిని చుట్టునుండి తీసికొనును. 58 లీటర్ల నీటిని 10 డిగ్రీలు చల్లబరచుటకు ఇంత వేడినే తొలగింపవలెను. వట్టివేళ్ల తడకలు గాని, తడి గోనెపట్టలు గాని గాలి వచ్చు వైపున వ్రేలాడదీసినపుడు జరుగు పని ఇదియే. పాఠశాలలో దీనిని తేలికగా చూపవచ్చును. ఒకే తీరున నున్న రెండు ఉష్ణమాపకములను నీడలో వ్రేలాడదీసి, ఒకదాని గుండునకు తడిగుడ్డ చుట్టవలెను. గాలిలో తేమ నూటికి 20 వంతులుండి పొడి మాపకము 43 డిగ్రీలు చూపు దినమున తడి మాపకము 25కు దగ్గరగా నుండును. వానలు మొదలై తేమ నూటికి 60 వంతులైనపుడు పొడి మాపకము 36 చూపినను తడి మాపకము 29కి దిగువకు రాదు. అనగా మండు వేసవిలో గోనెపట్ట చేయు మేలు ఉక్కపోతలో చేయలేదు. అపుడు గాలి ఆడుటయే ముఖ్యము. తడి మాపకము చూపినంత చల్లదనము తెర వెనుక పూర్తిగా రాదు. అయినను ఆ రెండు అంకెల నడుమ దూరము ఎంత హెచ్చైన అంత లాభము.

పంజరముల పాక పొడవు తూర్పు పడమరలుగా నుండవలెను. అట్లున్నచో ఉదయపు, సాయంకాలపు ఎండ వెడల్పు గోడలపై పడదు. రేకుల కప్పు మధ్యాహ్నమున పొయ్యివలె కాగును. తాటికమ్మలు గాని, మందముగా పరచిన వరిగడ్డి గాని ఎంతో మేలు. వేప, చింత చెట్ల క్రింద వేసిన పాక సగము పని చేసినట్లే. పంజరములో ఒక ప్రక్క తడి ఇసుకపై నీరు నింపిన మట్టికుండను పెట్టినచో కుందేలు దాని కానుకొని పడుకొనును. ఖర్చు లేని ఉపాయములలో ఇది మంచిది.

వేసవి చేయు అపకారములలో కంటికి కనబడనిది ఒకటి కలదు. పెద్ద వేడికి మగ కుందేలులో వీర్యకణములు చెడిపోవును. కొత్త కణములు తయారై పరిపక్వమగుటకు ఏడెనిమిది వారములు పట్టును. మే నెల యెండను తట్టుకొని బ్రతికిన మగ కుందేలు జూన్ చివర చూచుటకు పుష్టిగానే యుండును. జతకు వదలినచో జతపడును కూడ. కాని ఆడ కుందేలు కట్టదు. తప్పు ఆడదానిదని తలచి దానిని గొడ్డుదని అమ్మివేయువారు లేకపోలేదు! లెక్క ఎంతో తేలిక. మృగశిర కార్తె, పల్లెవారి మిరుగు, జూన్ రెండవ వారములో వచ్చును. అక్కడినుండి ఎనిమిది వారములు లెక్కించినచో ఆశ్లేష కార్తె వచ్చును. ఆగస్టు మొదటి వారమునుండి జత కట్టించినచో ఫలితము నమ్మదగినది.

ఆడ కుందేలునకు ఆవునకువలె నియతమైన ఎదకాలము లేదు. జతపడిన సుమారు పది గంటల తరువాతనే అండములు విడుదలయగును. ఎల్లపుడు ఆడదానినే మగదాని పంజరములోనికి తీసికొని పోవలెను. తన పంజరములోనికి వచ్చిన మగదానిని అది కరచును. చూలు 31 దినములు. 28వ దినమున ఈత పెట్టెను ఎండుగడ్డితో పంజరములో నుంచినచో తల్లి తన పొట్ట బొచ్చును పెరికి పరుపు చేసికొనును. ఒక ఈతకు సాధారణముగా అయిదు నుండి ఎనిమిది పిల్లలు. తల్లి దినమునకు ఒక్కమారు, అదియు నాలుగైదు నిమిషములు మాత్రమే పాలిచ్చి వెడలిపోవును. కొత్తగా పెంచువారు తల్లి పిల్లలను విడిచిపెట్టినదని ఆందోళన పడుదురు. అడవిలో మాటిమాటికి బొరియవద్దకు పోయిన తల్లి శత్రువునకు దారి చూపినట్లగును. ఆ అలవాటే ఇది. పాలు చాల చిక్కనివి గనుక పిల్లలు వారము తిరుగునప్పటికి రెట్టింపు బరువగును. పొట్టలు గుండ్రముగా నున్నచో దిగులు పడనక్కరలేదు.

ఆదిలాబాదు వైపు, ముఖ్యముగా సిర్పూరు ప్రాంతములో, పుష్యమాసపు రాత్రులు 5 డిగ్రీల వరకు దిగుటయు కలదు. పెద్ద కుందేలునకు ఆ చలి లెక్కలోనిది కాదు. బొచ్చులేని పిల్ల మాత్రము పెట్టెనుండి జారిపడినచో తెల్లవారునప్పటికి బిగుసుకొనిపోవును. పెట్టె అంచు ఎత్తుగా నుండుట, గడ్డి పొడిగా నుండుట ముఖ్యము. చీమలు మరియొక శత్రువు. వంటింటి బీరువా కాళ్లవలె పంజరపు కాళ్లను నీటి చిప్పలలో నిలుపవలెను. పిల్లి, కుక్క, పాము రాకుండ తీగవల గట్టిగా నుండవలెను.

మేత విషయములో కుందేలు వింత జంతువు. రాత్రిళ్లును తెల్లవారుజామునను మెత్తని ఉండలను విసర్జించి, వాటిని నేలపై పడనీయక నోటితో అందుకొని మ్రింగును. దీనిని రోగమని అనుకొనరాదు. పీచు గల మేత అంధనాళములో సూక్ష్మజీవులచే పులిసి, విటమినులు, మాంసకృత్తులు గల పదార్థముగా మారును. అది పేగులలో చివరి భాగమునకు దగ్గరగా తయారగుట వలన మొదటిసారి ఒంటికి పట్టదు. రెండవసారి కడుపులోనికి పోయినపుడు పట్టును. ఆవు నెమరు వేసి సాధించునది కుందేలు ఈ విధముగా సాధించును. గింజలు హెచ్చుగా పెట్టి పీచు తగ్గించినచో ఆ సూక్ష్మజీవుల సమతూకము చెడి పారుడు పట్టును.

గరిక, అవిశ ఆకు, బొబ్బర తీగ, చిలగడదుంప తీగ, మల్బరీ ఆకు, పల్లి తీగ మంచి మేతలు. వీటికి తోడు కొద్దిగా మక్కజొన్న, తౌడు, పల్లి చెక్క చాలును. సుబాబుల్ ఆకు కొద్దిగా మాత్రమే పెట్టవలెను. లేత జొన్న చిగుళ్లలోని నాము, అనగా హైడ్రోసయానిక్ ఆమ్లము, పశువులకువలె కుందేలునకును విషమే. పత్తి చేల గట్లనుండి కోసిన గడ్డితో మరింత జాగ్రత్త వలయును. మందు చల్లిన చేని ప్రక్క గడ్డి పచ్చగా, లేతగానే కనబడును. కుందేలు వాంతి చేసికొనలేదు; లోనికి పోయిన విషమునకు వెనుకకు దారి లేదు. వానలో తడిసి బూజు పట్టిన మక్కలను కోళ్లకు, కుందేళ్లకు పడవేయుట మరియొక ప్రమాదము. ఆ బూజులోని అఫ్లటాక్సిను కాలేయమును చెరచును. కుందేలు దానికి తొందరగా లొంగును.

వానకాలములో పిల్లలకు పారుడు తెప్పించు కాక్సిడియా రోగము ఎక్కువ. రెట్టలు క్రిందికి జారిపోవునట్లు నేలకు తీగవల వేయుట, మేతను నేలపై వేయకుండుట సగము వైద్యము. చెవులలో పొరలు కట్టు గజ్జికి పశువైద్యుని చూపవలెను. కోరుట్లలో పశువైద్య కళాశాల యుండుట ఈ ప్రాంతమువారికి ఒక సదుపాయము.

ఇక ఆదాయపు లెక్క. చల్లని దేశములలో ఒక ఆడ కుందేలు ఏడాదికి 40 పిల్లలను ఇచ్చునని ప్రచారపత్రములలో వ్రాయుదురు. ఆగస్టునుండి జనవరి వరకు మాత్రమే జత కట్టించు ఇచటి పెరటిలో మూడు ఈతలే నమ్మకమైనవి. ఈతకు ఆరు పుట్టి, నాలుగు బ్రతికినచో ఒక ఆడదానికి 12. అయిదు ఆడవానికి 60. మూడు నెలల వయస్సున ఒక్కొక్కటి కిలోన్నర పైగా తూగి, కోయగా సుమారు 800 గ్రాముల మాంసమిచ్చును. మొత్తము 48 కిలోలు. సగటున వారమునకు కిలోకు కొంచెము తక్కువ. ఒక కుటుంబమునకు ఇది చిన్న విషయము కాదు. ఈ మాంసములో నూటికి 20 వంతులు మాంసకృత్తులు. క్రొవ్వు బహు స్వల్పము. క్రొవ్వు లేకపోవుట కూడ ఒక లోపమే. ఉత్తర అమెరికా మంచు ప్రాంతములలో దినములకొలది కుందేలు మాంసమొక్కటే తిన్నవారు కడుపునిండ తినియు నీరసించిపోయిరి. నూనె వేసి వండి, అన్నము, పప్పులతో తినువారికి ఆ భయము లేదు.

వ్యాపారము మాట వేరు. కోడి, మేక మాంసములకువలె కుందేలు మాంసమునకు ఈ పట్టణములలో నిలుకడైన అంగడి లేదు. పిల్లలను హెచ్చు ధరకు అమ్మి, పెరిగిన తరువాత తామే తిరిగి కొందుమని ఒప్పందము వ్రాయువారు కొందరు కలరు. వారు తిరిగి కొన్నవి మాంసపు అంగడికి పోవుచున్నవా, లేక మరియొక కొత్త రైతునకు పిల్లలుగా పోవుచున్నవా అని అడుగవలెను. రెండవదే నిజమైనచో కొత్త రైతులు దొరకుట ఆగిన దినమున ఆ కొనుగోలును ఆగును. అప్పు తెచ్చి వంద ఆడవానితో మొదలుపెట్టినవానికి ఆ దినము మేత ఖర్చు మాత్రము ఆగదు.

ఇంటి అవసరమునకు అయిదు ఆడవి, ఒక మగది చాలును. నవంబరు చివరకు జతపరచిన మూడవ ఈత డిసెంబరులో పుట్టి మార్చి నాటికి కోతకు వచ్చును. జనవరిలో నాలుగవసారి జత కట్టించినచో ఆ పిల్లలు ఏప్రిలు, మే నెలల ఎండలో పెరుగవలసి వచ్చును. కావున అది లెక్కకు రాని లాభము. రోహిణి కార్తె నాటికి పెరటిలో మిగులవలసినవి ఆరు ప్రాణులే. ఆరింటికి కుండలు నింపుట, గోనెపట్టలను మధ్యాహ్నము మూడు నాలుగు మార్లు తడుపుట ఇంటిలోని పిల్లలు సైతము చేయగల పని.