పసిమనసుకు తగిలిన దెబ్బ

"చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు? నాలుగు రోజులు పోతే వాడే మరిచిపోతాడు." ఈ మాట మనలో అనని వాళ్ళు అరుదు. తాగొచ్చి తల్లిని కొట్టే తండ్రిని రోజూ చూస్తున్న పిల్లవాడి గురించి అంటాం. తెలిసినవాడే ఒంటిమీద చెయ్యి వేశాడని ఏడ్చిన పిల్ల గురించీ అంటాం. నిజంగా మరిచిపోతారంటారా?

అమెరికాలోని శాన్‌డియాగోలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు 9,500 మందికి పైగా పెద్దవాళ్ళను వాళ్ళ చిన్నతనం గురించి అడిగి, 1998లో ఫలితాలు ప్రకటించారు. ఇలాంటి బాధలు నాలుగు రకాలో, అంతకంటే ఎక్కువో పడ్డవాళ్ళలో తాగుడు, దిగులు జబ్బు, ఆత్మహత్యా ప్రయత్నం, ఏ బాధా పడనివాళ్ళకంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువట! గుండెజబ్బులు సైతం ఎక్కువే. చూశారా, పసితనపు దెబ్బ ఎంతదూరం వెంటాడుతుందో!

అలాగని ఆ పిల్లల బతుకు అంతేనని కాదు. నమ్మి చెప్పుకోవడానికి పెద్దవాళ్ళు ఒక్కరున్నా పసిమనసు తేరుకుంటుంది. ఆ ఒక్కరూ ఇంట్లో లేనప్పుడు పక్కింటి పిన్నిగారో, బడి టీచరమ్మో కావాలి.

పిల్ల వచ్చి చెప్పినప్పుడు "నువ్వక్కడికెందుకు వెళ్ళావు?" అనకండి. నమ్మండి. "చెప్పి మంచిపని చేశావమ్మా, తప్పు నీది కాదు" అనండి. పదిమంది ముందూ మళ్ళీ మళ్ళీ చెప్పించకండి. చెప్పిన ప్రతిసారీ ఆ గాయం రేగుతుంది.

తర్వాత 1098కి ఫోన్ చెయ్యండి. 1996లో బొంబాయిలో వీధి పిల్లలకోసం జెరూ బిల్లిమోరియా మొదలుపెట్టిన ఈ సహాయం ఇవాళ దేశమంతటా ఉంది. రాత్రయినా పగలయినా పలుకుతారు, ఫోనుకి డబ్బు పడదు.

"పోలీసులూ, కోర్టులూ మనకెందుకు?" అని జంకుతాం, సహజమే. కాని 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక అత్యాచారం జరిగిందని తెలిసీ చెప్పకపోవడమే నేరం. మంచిమనసుతో చెప్పినవారికి ఏ చిక్కూ రాదు. పోలీసులు యూనిఫారం లేకుండా ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. పిల్లల్ని రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. పేరు పత్రికలకెక్కకూడదు.

మీ మహిళామండలి ఈసారి కలిసినప్పుడు వంటల పోటీకి ముందు ఒక్క అరగంట ఈ సంగతి మాట్లాడుకోండి. 1098 అంకెలు మెట్లదగ్గర గోడమీద రాయించండి. పక్కవాటాలో పిల్లాడు వెక్కి వెక్కి ఏడుస్తుంటే మన రేడియో శబ్దం పెంచుకోవడం కాదు, వెళ్ళి తలుపు తడదాం.