వెల్డింగ్ పొగ: జబ్బు రాకముందే కణాల్లో మొదలయ్యే నష్టం

ఉస్తాద్ గేటుకు వెల్డింగ్ కొడుతుంటే పక్కన పైపు పట్టుకుని కూర్చునే కుర్రాడికి నల్లద్దాలైనా ఇస్తారు. ముక్కుకు మాత్రం మహా అయితే ఓ దస్తీ. కళ్ల మంట ఆ రాత్రికే తెలిసిపోతుంది కాబట్టి కళ్లను అందరూ కాపాడుకుంటారు. పొగ చేసే నష్టం ఏళ్ల తరబడి బయటపడదు. కానీ అది లోపల మొదలవుతోందని హైదరాబాద్ పరిశోధకులే ఇరవై ఏళ్ల కిందట లెక్కతో సహా చూపించారు.

తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు 102 మంది వెల్డర్లను, వెల్డింగ్ చేయని మరో 102 మందిని పరీక్షించారు. వయసు, సిగరెట్, మద్యం అలవాట్లు రెండు వైపులా ఒకేలా ఉండేట్టు చూసుకున్నారు. లేకపోతే తప్పంతా సిగరెట్‌దేనని అనేవాళ్లుంటారు కదా. ఫలితాలు 2004లో వచ్చాయి.

వాళ్లు వాడిన పరీక్షల్లో ఒకటి కామెట్ పరీక్ష. రక్త కణాలను జెల్లీ లాంటి పొరలో ఉంచి, పైపొర కరిగించి, కరెంటు పెడతారు. డీఎన్‌ఏ చెక్కుచెదరకుండా ఉంటే ఉన్నచోటే గుండ్రంగా కనిపిస్తుంది. తెగిపోయి ఉంటే ముక్కలు ఒక వైపుకు లాక్కుపోయి, మైక్రోస్కోప్‌లో తోకచుక్కలా కనిపిస్తాయి. తోక ఎంత పొడవుంటే నష్టం అంత ఎక్కువ. వెల్డర్ల కణాల్లో ఆ తోక సగటున రెండున్నర రెట్లు పొడవుంది. బుగ్గ లోపలి కణాల్లో చూసినా తేడా కనిపించింది.

కారణం ఏంటి? స్టెయిన్‌లెస్ స్టీల్‌లో క్రోమియం, సాధారణంగా నికెల్ కూడా ఉంటాయి. వెల్డింగ్ వేడికి క్రోమియంలో కొంత భాగం ‘హెక్సావాలెంట్’ రూపంలోకి మారి పొగలో కలుస్తుంది. శరీరానికి అవసరమైన సల్ఫేట్‌ను పోలి ఉండటంతో కణం దాన్ని గుర్తుపట్టలేక లోపలికి రానిస్తుంది. లోపల అది మళ్లీ రూపం మార్చుకుని డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. మామూలు ఇనుప గ్రిల్ పనిలో ఈ ప్రమాదం తక్కువ. ఇప్పుడు ప్రతి ఇంటికీ ఎస్ఎస్ రెయిలింగే కావాలంటున్నారు. అందులోనూ రాడ్ వెల్డింగ్‌లో పొగ ఎక్కువ, ఆర్గాన్‌లో తక్కువ.

డీఎన్‌ఏ తెగిందంటే క్యాన్సర్ వచ్చినట్టు కాదు. కణాలు రోజూ ఇలాంటి తెగుళ్లను బాగుచేసుకుంటూనే ఉంటాయి. రిపేరు కంటే దెబ్బలు ఎక్కువైతేనే చిక్కు. అయినా 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగను గ్రూప్ 1లో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్నది కూడా ఆ గ్రూపులోనే. ప్రమాదం వాటితో సమానమని దాని అర్థం కాదు, క్యాన్సర్ తెస్తుందనే రుజువు గట్టిగా ఉందని అర్థం.

మరి పిల్లల సంగతి? రక్త కణాల్లో వచ్చిన నష్టం పిల్లలకు వెళ్లదు. వీర్యకణాల సంగతి వేరు. క్రోమియం, నికెల్ పొగలో పనిచేసే వెల్డర్లలో వాటి సంఖ్య, కదలిక తగ్గినట్టు 2003లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. పెళ్లయి ఏళ్లు గడిచినా సంతానం లేకపోతే కోడలినే డాక్టర్ల చుట్టూ తిప్పే ఇళ్లు ఈ మాట ఒకసారి వినాలి.

ఇక చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట కనీసం 10 మంది పనివాళ్లుంటేనే దాన్ని ఫ్యాక్టరీగా లెక్కించింది. 2020 నాటి కొత్త కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. గల్లీలోని షాపులో ఉండేది ముగ్గురో నలుగురో. అంటే పొగను ఎక్కువగా పీల్చేవాడే లెక్కలోకి రాడు.

పాలు తాగితే, బెల్లం తింటే పొగ కడిగేసినట్టు పోతుందనే నమ్మకం షాపుల్లో బలంగా ఉంది. ఊపిరితిత్తుల్లోకి పోయిన లోహాన్ని అవి బయటికి తీయలేవు. దస్తీ కూడా పనికిరాదు, పొగలోని రేణువులు దాని నేతలోంచి దూరిపోతాయి. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్క్ వాటిని చాలావరకు ఆపుతుంది, వాయువులను మాత్రం ఆపలేదు. షట్టర్ మూసి పనిచేయకుండా, పొగ ముఖం మీదికి రాకుండా పక్కకు పోయేలా ఫ్యాన్ పెట్టుకుంటే ఇంకా మేలు. చేతులు కడుక్కోకుండా గుట్కా, బీడీ ముట్టుకోవడం ఉన్న నష్టానికి తోడవుతుంది.

కామెట్ పరీక్ష పరిశోధనల్లో వాడేది, మామూలు ల్యాబ్‌లో చేయించుకునేది కాదు. అందుకే దగ్గు తగ్గకపోయినా, ఆయాసం వస్తున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏ పని చేస్తారో, ఎన్నేళ్ల నుంచో, ఇనుము పనా ఎస్ఎస్ పనా అన్నది ఆయన అడగకపోయినా చెప్పాలి.