అనువర్తన వైద్య పరిశోధనకు ఆర్థిక సహాయ మార్గాలు: వరంగల్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రయోగశాలలో లభించిన జ్ఞానాన్ని రోగి వద్దకు, అక్కడి నుండి ప్రజారోగ్య విధానం దాకా చేర్చే కృషిని అనువర్తన వైద్య పరిశోధన అంటారు. ఇటువంటి పరిశోధనకు భారతదేశంలో లభించే ఆర్థిక సహాయం, దాని స్వభావం, నిధులిచ్చే సంస్థలు పరిశోధకుల నుండి ఆశించే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. క్రిమిసంహారక మందుల విషప్రభావంపై వరంగల్‌లో జరిగిన ఒక అధ్యయనాన్ని ఆధారంగా తీసుకొని, పరిశోధన ప్రశ్న ఏ దశకు చెందినదో గుర్తించిన తరువాతనే నిధిని ఎంచుకోవాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనువర్తన వైద్య పరిశోధన, పరిశోధన నిధులు, వరంగల్, క్రిమిసంహారక మందుల విషప్రభావం, ఐసీఎంఆర్, బైరాక్.

1. ఉపోద్ఘాతం

1997 నుండి 2002 వరకు ఆరేళ్లలో వరంగల్‌లోని ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో క్రిమిసంహారక మందుల విషప్రభావంతో చేరినవారు 8,040 మంది. వారిలో 22.6 శాతం మంది మరణించారు. పత్తి పంట దెబ్బతిని రైతు కుటుంబాలు అప్పులపాలైన 1997-98 సంవత్సరాలు కూడా ఈ కాలంలోనే ఉన్నాయి. ఈ వివరాలను స్థానిక పరిశోధకులు విదేశీ విషవైద్య నిపుణులతో కలిసి క్రోడీకరించగా, 2005లో ఉష్ణమండల వైద్యానికి సంబంధించిన ఒక అంతర్జాతీయ పత్రికలో అవి ప్రచురితమయ్యాయి.

ఆ అధ్యయనానికి కొత్త మందు గానీ, ఖరీదైన యంత్రం గానీ అవసరం కాలేదు. ఆసుపత్రి రికార్డులే దాని ముడిసరుకు. 2002 సంవత్సరపు కేసు షీట్లను విడిగా పరిశీలించినప్పుడు రెండు సంగతులు బయటపడ్డాయి. మందు పేరు తెలిసిన కేసులలో అధిక మరణాలకు మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అనే రెండు రసాయనాలే కారణమయ్యాయి. ఇది మొదటిది. విరుగుడుగా వాడే అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ మందులను ఎక్కువమందికి తక్కువ మోతాదులో, అందరికీ ఒకే కొలతగా ఇచ్చారు. ఇది రెండవది. మొదటి సంగతి ప్రభుత్వ విధానానికి, రెండవది వార్డులోని వైద్యుడికి సంబంధించినది. బాధితులలో మూడింట రెండు వంతుల మంది ముప్పై ఏళ్ల లోపువారని గమనిస్తే ఈ రెండింటి బరువు ఎంతటిదో తెలుస్తుంది.

2005లో కూరగాయల పంటలపై మోనోక్రోటోఫాస్ వాడకాన్ని కేంద్రం నిషేధించింది. 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసింది. ఈ నిర్ణయాలను వరంగల్ అధ్యయనం ఖాతాలో వేయడం సరికాదు. ఎండోసల్ఫాన్ విషయంలో కేరళలోని కాసరగోడ్ ప్రజల పోరాటానిదే ప్రధాన పాత్ర. అయితే ఆసుపత్రి రికార్డు నుండి వైద్య విధానానికీ, ప్రభుత్వ విధానానికీ దారి ఉంటుందని ఈ అధ్యయనం చూపింది. శ్రీలంక మోనోక్రోటోఫాస్‌ను 1995లోనూ, ఎండోసల్ఫాన్‌ను 1998లోనూ ఆపివేసింది. ఆ తరువాత అక్కడ ఆత్మహత్య మరణాల రేటు గణనీయంగా తగ్గింది.

2. పదం, దశలు

ఆంగ్లంలోని ‘ట్రాన్స్‌లేషనల్’ అనే విశేషణాన్ని కొందరు ‘అనువాద’ అని తెలుగు చేస్తున్నారు. సాహిత్య పరిశోధకులకు అనువాదమంటే భాషల నడుమ జరిగే పని కనుక ఆ మాట తికమక పెడుతుంది. ‘అనువర్తన’ అన్నప్పుడు అప్లైడ్ సైన్స్ గుర్తుకు వచ్చే ప్రమాదం లేకపోలేదు. అయినా జ్ఞానం ఆచరణ వైపు సాగే దిశను ఈ మాట మెరుగ్గా సూచిస్తుంది కనుక ఈ వ్యాసంలో దానినే గ్రహించడమైనది.

2003లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నిర్వహించిన చర్చావేదిక ఈ మార్గంలో రెండు అడ్డంకులను గుర్తించింది. మొదటిది ప్రయోగశాలకూ మానవులపై జరిగే తొలి పరీక్షలకూ మధ్య ఉన్నది. రెండవది నిరూపితమైన చికిత్సకూ రోజువారీ వైద్యానికీ మధ్య ఉన్నది. తరువాతి కాలంలో వీటిని ఇంకా సూక్ష్మంగా విభజించి టీ1 నుండి టీ4 వరకు దశలుగా చెబుతున్నారు. టీ1 అణువును మానవ పరీక్ష దాకా తెస్తుంది. టీ2 రోగులలో ఫలితాన్ని తేలుస్తుంది. టీ3 ఆ ఫలితాన్ని సాధారణ ఆసుపత్రుల ఆచరణలోకి తెస్తుంది. టీ4 సమాజ ఆరోగ్యంలో వచ్చిన మార్పును కొలుస్తుంది.

ఈ దశలన్నిటినీ ఒకే నిధి మోయలేదనడానికి తెలుగు నేలకు సంబంధించిన రోటావాక్ టీకాయే నిదర్శనం. దానికి మూలమైన 116ఈ వైరస్ రకాన్ని 1980ల మధ్యలో ఢిల్లీలోని ఎయిమ్స్‌లో నవజాత శిశువుల నుండి వేరుచేశారు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ దానిని టీకాగా రూపొందించింది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, పాత్, గేట్స్ ఫౌండేషన్ మొదలైనవి వేర్వేరు ఘట్టాలలో చేయూతనిచ్చాయి. మూడవ దశ పరీక్షలో 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో దానిని తొలుత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వైరస్ దొరికిన నాటి నుండి పల్లెలోని శిశువుకు చుక్కలు అందేనాటికి మూడు దశాబ్దాలు గడిచాయి.

3. నిధులిచ్చే సంస్థలు, వాటి స్వభావం

దరఖాస్తుదారులు సాధారణంగా నిధి మొత్తాన్ని చూసి పథకాన్ని ఎంచుకుంటారు. ప్రతిపాదన తిరస్కరణకు గురయ్యే కారణాలలో ఇదొకటి. ప్రతి సంస్థా కొన్ని దశలకు మాత్రమే ధనం ఇస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చరిత్ర 1911లో స్థాపితమైన ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్‌తో మొదలవుతుంది. 1949లో దానికి ప్రస్తుత నామం ఏర్పడింది. వైద్య కళాశాల అధ్యాపకులకు అత్యంత సమీపంలో ఉన్న సంస్థ ఇదే. ఎంబీబీఎస్ విద్యార్థులకు రెండు నెలల స్వల్పకాలిక పరిశోధన వేతనం (ఎస్‌టీఎస్), ఎండీ, ఎంఎస్ సిద్ధాంత గ్రంథాలకు సహాయం, అధ్యాపకులకు బహిర్గత పరిశోధన నిధులు ఇక్కడ లభిస్తాయి. ఇటీవలి ప్రకటనలలో చిన్న నిధి పరిమితి రెండు కోట్ల రూపాయల వరకు, మధ్యస్థ నిధి పరిమితి ఎనిమిది కోట్ల వరకు ఉంది. టీ2, టీ3 దశల ప్రశ్నలు ఈ పథకాలలో చక్కగా ఇముడుతాయి. 2007లో ఏర్పడిన ఆరోగ్య పరిశోధన విభాగం ప్రభుత్వ వైద్య కళాశాలలలో బహుళ విభాగ పరిశోధన యూనిట్లకు, వైరస్ ప్రయోగశాలలకు సహాయం చేస్తున్నది. ఈ పథకాల ధనం వ్యక్తికి కాక సంస్థకు అందుతుంది. కళాశాలలో పరికరాలు లేవని పరిశోధన ఆపివేసే అధ్యాపకులు తొలుత తెలుసుకోవలసినవి ఇవే.

బయోటెక్నాలజీ విభాగం 2012లో నెలకొల్పిన బైరాక్ లక్ష్యం వేరు. జ్ఞానం వస్తువుగా మారాలన్నది దాని ఆకాంక్ష. బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్ (బిగ్) కింద ఒక ఆలోచనను నమూనాగా నిరూపించడానికి 18 నెలల కాలానికి 50 లక్షల రూపాయల వరకు ఇస్తారు. పేస్ పథకం విశ్వవిద్యాలయాల ఆవిష్కరణలను పరిశ్రమ వైపు నడిపిస్తుంది. రోగ నిర్ధారణ పరికరం, కొత్త ఔషధ రూపం వంటి టీ1 దశ ప్రశ్నలకు ఇవి తగినవి. మోతాదు విధానంపై రాసిన ప్రతిపాదనను బైరాక్‌కు పంపితే, అది ఎంత మంచిదైనా, అక్కడ దానికి చోటు దొరకదు.

హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న డీబీటీ-వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ పథకం కన్నా పరిశోధకుడికి ప్రాధాన్యమిస్తుంది. వైద్యులకు, ప్రజారోగ్య పరిశోధకులకు అది ప్రత్యేక ఫెలోషిప్పులు ఇస్తున్నది. దీనికి ఆధారమైన బయోమెడికల్ పరిశోధన కార్యక్రమం మూడవ దశను 1,500 కోట్ల రూపాయల వ్యయంతో 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అందులో 1,000 కోట్లు ప్రభుత్వానివి, 500 కోట్లు వెల్‌కమ్ ట్రస్టువి. తెలంగాణ పరిశోధకులకు ఈ సంస్థ ఇంత చేరువలో ఉన్నా, ఫెలోషిప్పు దరఖాస్తుకు ఏళ్ల తరబడి సాగిన ప్రచురణల పునాది కావాలి. సిద్ధాంత గ్రంథం పూర్తయిన మరునాడు ఆలోచిస్తే అది అందదు.

2023 నాటి చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ (ఏఎన్ఆర్ఎఫ్) పూర్వపు ఎస్ఈఆర్‌బీ స్థానంలోకి వచ్చింది. బలమైన విశ్వవిద్యాలయాన్ని కేంద్రంగా ఉంచి, దాని చుట్టూ ఇతర విశ్వవిద్యాలయాలను జతచేసే పెయిర్ పథకం రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఉపకరిస్తుంది. 2025లో ఆమోదం పొందిన లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ నిధి మాత్రం ప్రైవేటు రంగం కోసం ఉద్దేశించినది. అందులో ప్రధాన భాగం దీర్ఘకాలిక రుణం, పెట్టుబడి రూపాలలో ఉంటుంది. దానిని కళాశాలలకు వచ్చే గ్రాంటుగా భావించరాదు.

4. లాభం లేని ప్రశ్నలు

అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ రెండూ పేటెంటు లేని పాత మందులు. వాటి సరైన మోతాదును కనుగొన్నందువల్ల ఏ కంపెనీకీ లాభం రాదు. కనుక కంపెనీలు దీనిపై పరీక్షలకు ముందుకు రావు. ఇటువంటి ప్రశ్నలకు ప్రజాధనం లేదా ధార్మిక సంస్థల ధనమే దిక్కు.

ఈ ప్రశ్న ఇంకా ముగియలేదు కూడా. మహారాష్ట్రలోని బారామతిలో 200 మంది రోగులపై జరిగి, 2006లో వెలువడిన పరీక్ష అధిక మోతాదు ప్రాలిడాక్సిమ్ మేలు చేస్తుందని చూపింది. 2009లో శ్రీలంక నుండి వెలువడిన 235 మంది రోగుల పరీక్షలో మాత్రం ఆ మేలు కనిపించలేదు. శ్రీలంక పరిశోధనకు వెనుక వెల్‌కమ్ ట్రస్ట్, ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి సహాయంతో ఏర్పడిన దక్షిణాసియా విషవైద్య పరిశోధన సమాఖ్య ఉంది. రైతు ఆసుపత్రిలో పుట్టిన ఒక ప్రశ్నకు రెండు ఖండాల ధనం సమకూరడానికి కారణం ఆసుపత్రులు రోగుల వివరాలను ఒకే పద్ధతిలో నమోదు చేయడమే. ఉత్తర తెలంగాణ వార్డులలో ఈ పరస్పర విరుద్ధ ఫలితాలను తేల్చగల సంఖ్యలో రోగులు నేటికీ చేరుతుండటం విషాదకరమే అయినా, పరిశోధనకు బాధ్యతను కూడా పెంచుతున్నది.

5. వరంగల్ వనరులు, అడ్డంకులు

కాకతీయ వైద్య కళాశాల, నేటి ఎన్ఐటీకి పూర్వరూపమైన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 1959లో ఒకే ఏడాది ఆరంభమయ్యాయి. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం, 2014లో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి చుట్టుపక్కల జిల్లాల ప్రజలకు పెద్దదిక్కు. వైద్యం, ఔషధ శాస్త్రం, ఇంజనీరింగ్ ఇంత దగ్గరగా ఉన్న నగరాలు రాష్ట్రంలో హైదరాబాద్ మినహా లేవనవచ్చు. ఇంత సామీప్యం ఏం సాధించగలదో హైదరాబాద్ ఇదివరకే చూపింది. క్షిపణుల కోసం తయారైన తేలికపాటి పదార్థంతో రక్షణ శాస్త్రవేత్తలు, నిమ్స్ వైద్యులు కలిసి పోలియో పిల్లలకు కాలి ఊతాలు చేశారు. మూడు కిలోలకు పైగా ఉన్న ఊతం బరువు సుమారు 300 గ్రాములకు దిగింది.

అయితే సామీప్యం ఒక్కటే చాలదు. నిధి మంజూరుకు ముందు దాటవలసిన మెట్లు దరఖాస్తు ఫారం కన్నా కష్టమైనవి. సంస్థాగత నైతిక సంఘం నమోదై ఉండాలి, క్రమంగా సమావేశం కావాలి. మానవులపై జరిగే పరీక్షలను 2007లో ఆరంభమైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో తొలి రోగిని చేర్చుకోకముందే నమోదు చేయాలి. కొత్త ఔషధాలపై పరీక్షలు 2019 నాటి నిబంధనలకు లోబడి ఉండాలి. విదేశీ ధనం ఉంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలక సంఘం అనుమతి కావాలి. సంస్థ స్వభావాన్ని బట్టి విదేశీ విరాళాల చట్టం వర్తించవచ్చు.

వినియోగ ధ్రువపత్రం సంగతి వేరుగా చెప్పాలి. మొదటి ఏడాది ఖర్చు లెక్క సకాలంలో పంపకపోతే రెండవ ఏడాది సొమ్ము రాదు. సొమ్ము రాకపోతే పరిశోధన సహాయకుడు మానేస్తాడు, సగంలో ఆగిన రోగుల వివరాలు దేనికీ పనికిరావు. ప్రయోగం చేయగల అధ్యాపకులు ఉన్న చోట కూడా లెక్కలు చూసే మనిషి లేక ప్రాజెక్టులు కుంటుపడటం విశ్వవిద్యాలయాలకు కొత్త కాదు. పరిశోధన కార్యాలయంలో ఒక్క అనుభవజ్ఞుడైన అకౌంటెంటును నియమించడం కొన్నిసార్లు ఒక యంత్రం కొనడం కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

6. ప్రశ్న నుండి నిధికి

ఉదాహరణకు ఒక ఔషధ శాస్త్ర పరిశోధకుడు విష చికిత్సలో అట్రోపిన్ మోతాదును రోగి స్పందనను బట్టి పెంచే పద్ధతి స్థానిక వార్డులలో ఎంతవరకు అమలవుతున్నదో తెలుసుకోదలచాడని అనుకుందాం. ఇది టీ3 ప్రశ్న. నైతిక సంఘం అనుమతితో ఒక ఏడాది కేసు షీట్ల పరిశీలనను ఎస్‌టీఎస్ విద్యార్థితో, లేదా ఎండీ సిద్ధాంత గ్రంథంగా మొదలుపెట్టవచ్చు. ఆ ఫలితాలు ప్రాథమిక సమాచారంగా నిలిస్తే, వైద్య కళాశాల అధ్యాపకుడు ప్రధాన పరిశోధకుడిగా, ఔషధ శాస్త్ర అధ్యాపకుడు సహ పరిశోధకుడిగా ఐసీఎంఆర్ చిన్న నిధికి వెళ్లవచ్చు. అదే పరిశోధకుడు రక్తంలోని కోలినెస్టరేజ్ ఎంజైమును మంచం పక్కనే కొలిచే చౌక పరికరాన్ని ఎన్ఐటీ మిత్రులతో తయారుచేయదలిస్తే ప్రశ్న టీ1కు మారుతుంది. అప్పుడు తలుపు తట్టవలసింది బైరాక్‌ను.

ములుగు, భద్రాద్రి ప్రాంతాల ఆదివాసీ గూడేలలో కొడవలి కణ రక్తహీనత విషయమూ ఇటువంటిదే. 2023 జూలై 1న ఆరంభమైన జాతీయ నిర్మూలన కార్యక్రమం పరీక్షలకు ధనం ఇస్తున్నది. పరీక్షలో బయటపడిన రోగి ఏడాది తరువాత కూడా హైడ్రాక్సీయూరియా మాత్రలు వాడుతున్నాడా, వాడకపోతే అది మందు దొరకకనా, దూరం వల్లనా, భయం వల్లనా అన్నది పరిశోధన ప్రశ్న. దానికి ప్రయోగశాల కన్నా కోయ భాష తెలిసిన క్షేత్ర పరిశోధకుడే ఎక్కువ అవసరం. ఆ వేతనాన్ని బడ్జెట్‌లో ‘ఇతర ఖర్చులు’ కింద కాక మానవ వనరుల పద్దు కిందనే, అవసరాన్ని వివరిస్తూ చూపించాలి.