పుట్టిన రోజునే సూది ఎందుకు?

"బిడ్డ భూమ్మీద పడి పూటయినా కాలేదు, అప్పుడే సూదా?" పురిటి వార్డుల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు తరచూ అడిగే మాట ఇది. సిరంజి పట్టుకుని ఎదురుగా నిలబడేది చాలాచోట్ల నర్సింగ్ చదివే అమ్మాయే కనుక నిలదీసేదీ ఆమెనే. మందు వేయడంతోపాటు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కూడా ఆమె నేర్చుకోవలసిన పనే.

జవాబు కష్టమైనదేమీ కాదు. రక్తం గడ్డకట్టాలంటే 'కె' విటమిన్ కావాలి. దీన్ని కనుగొన్నందుకు డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్‌కు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. తల్లి కడుపులో ఉండగా ఇది మాయ దాటి బిడ్డకు చేరేది బహు స్వల్పం. తల్లిపాలలోనూ తక్కువే. (అలాగని పాలు మానిపించరాదు. వాటికి సాటి వచ్చేది లేదు.) ఈ లోటువల్ల కొందరు పసికందులకు మొదటి వారంలోనే బొడ్డు నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. అంతకంటే భయంకరమైనది నెల, రెండు నెలల వయసులో వచ్చేది. చక్కగా పాలు తాగుతున్న బిడ్డకు ఉన్నట్టుండి మెదడులో రక్తస్రావం అవుతుంది. ఇది అరుదే గాని, వస్తే ప్రాణం దక్కడం కష్టం. దక్కినా అవిటితనం మిగలవచ్చు. పుట్టిన రోజు వేసే ఒక్క సూది ఈ ముప్పును దాదాపు తప్పిస్తుంది.

ఇక విద్యార్థిని సంగతి. బొమ్మ మీద నేర్చుకున్నది వేరు, మూడు కిలోల బిడ్డ కాళ్ళు తన్నుతుంటే వేయడం వేరు. ముందు బిడ్డ చేతికో కాలికో కట్టిన పట్టీ మీద తల్లి పేరు చూడాలి. కవలలైతే మరీ జాగ్రత్త. మందు బుడ్డి మీది అక్షరాలను తీసేటప్పుడు, సిరంజిలోకి ఎక్కించేటప్పుడు, వేసే ముందు మూడుసార్లు చదవాలి. బిడ్డకు కావలసింది 1 మిల్లీగ్రామే. కిలోకంటే తక్కువ బరువుంటే అర మిల్లీగ్రాము. పెద్దలకు వాడే 10 మిల్లీగ్రాముల బుడ్డీలు కూడా ఉంటాయి. సూది తొడ ముందు భాగాన, బయటి పక్కగా గుచ్చాలి. పిరుదుకు వేయకూడదు, అక్కడ పెద్ద నరం ఉంది. కుడి తొడకు ఇది, ఎడమ తొడకు 24 గంటల్లోగా హెపటైటిస్-బి టీకా.

అన్నిటికంటే చెయ్యి తిరగనిది బి.సి.జి. ఎడమ భుజం మీద చర్మం పొరలోనే 0.05 మిల్లీలీటరు ఎక్కించాలి. చిన్న బుడిపె తేలితేనే సరిగా పడినట్టు. పక్కన సీనియర్ నర్సు నిలబడి చూడకుండా విద్యార్థినికి ఇవేవీ అప్పగించరాదు. రద్దీ ఎక్కువైందన్న సాకు ఇక్కడ పనికిరాదు.

తల్లులకు ఒక చిట్కా: తొడకు సూది వేసేటప్పుడు బిడ్డకు పాలు పట్టిస్తే నొప్పి తెలియడం తగ్గుతుంది, ఏడుపూ తగ్గుతుంది.

ఇంటికి బయలుదేరే ముందు కార్డు అడిగి తీసుకుని, 'కె' విటమిన్, హెపటైటిస్-బి, బి.సి.జి., రెండు పోలియో చుక్కలు వేసినట్టు రాశారో లేదో చదివించుకోండి. కొన్ని వారాలకు బి.సి.జి. వేసినచోట చిన్న పుండై రసి కారుతుంది. కంగారుపడి పసుపు, కొబ్బరినూనె, ఆయింట్‌మెంటు ఏదీ పూయకండి. దానంతటదే మాని మచ్చ పడుతుంది.