రింగు ఎంత దూరం నుంచి వేస్తారు?

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే మనకు సినిమావాళ్ల మేడలే గుర్తొస్తాయి. ఒక్క సినిమాతో మేడ కట్టినవాళ్లున్నారు, ఉన్న మేడ అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే మనలో ఏ ఇల్లాలైనా పచ్చళ్లో, కుట్టుపనో మొదలుపెడతానంటే "వ్యాపారం మన ఇంటా వంటా లేదు, అది పుట్టుకతో రావాలి" అనేస్తారు.

నిజంగా పుట్టుకతోనే రావాలా? డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ జీవితమంతా ఇదే పరిశోధించారు. 1917లో పుట్టి, 1941లో యేల్‌లో డాక్టరేట్ అందుకుని, 1956 నుంచి హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం చెప్పారు. ఏదైనా సాధించాలనే తపన మనిషిలో ఎంతుందో కొలవాలని ఆయన పట్టుదల. ఒక బొమ్మ చూపించి కథ రాయమనేవారు. ఆ కథలో మన ఆలోచనలు బయటపడతాయన్నమాట!

ఇంకోటి మన పిల్లల ఆటే. మేకుకు రింగులు వేయాలి, ఎంత దూరంలో నిలబడాలో మీ ఇష్టం. సాధించే తపన ఉన్నవాళ్లు మరీ దగ్గర నిలబడరు, మరీ దూరమూ పోరు. కష్టపడితే పడుతుంది అనిపించేచోట నిలబడతారు. అంటే వ్యాపారికి కావలసింది మొండి సాహసం కాదండీ, సరైన అంచనా!

ఈ తపన నేర్పితే వస్తుందా? అది తేల్చుకోవడానికి ఆయన ఎంచుకున్నది మన కాకినాడనే! 1964లో మొదలుపెట్టి, హైదరాబాద్‌లోని సియెట్ సంస్థతో కలిసి 52 మంది కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇప్పించారు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి కృష్ణానగర్ మీదుగా దిగితే వచ్చే యూసుఫ్‌గూడలో ఉన్న సంస్థే అది. 2007 నుంచి దాని పేరు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ. అక్కడ వాళ్లకి అప్పులివ్వలేదు, ఆలోచించడం నేర్పారు. ఎవరి లక్ష్యం వాళ్లే రాసుకున్నారు.

తమిళనాడులోని వెల్లూరు వ్యాపారులకూ ఇలాగే నేర్పారు. రెండేళ్ల తర్వాత చూస్తే శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది వ్యాపారంలో చురుగ్గా ముందుకెళ్లారు. శిక్షణ లేనివారిలో అలాంటివారు పావువంతే. 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి ఈ వివరాలన్నీ పుస్తకంగా తెచ్చారు. మెక్‌క్లెలాండ్ 1998లో కన్నుమూశారు.

అందులో మనం పట్టుకోవలసిన మాట ఒకటుంది. తన వ్యాపారంలో తానే నిర్ణయం తీసుకోగలిగినవారిలోనే మార్పు ఎక్కువ కనిపించింది. మన ఇళ్లలో పచ్చడి కలిపేది ఆవిడ, ధర చెప్పేది ఆయన, డబ్బు పెట్టె అత్తగారి దగ్గర! అప్పుడు ఎంత నేర్చుకుంటే ఏం లాభం చెప్పండి?

కాబట్టి మొదలుపెట్టేవాళ్లు ఒక్కసారే వంద కిలోల ఆవకాయ పెట్టేయకండి. అలాగని ఇరుగుపొరుగుకి రెండు సీసాలిచ్చి ఊరుకోకండి. పది కిలోలతో మొదలెట్టి, ఖర్చూ రాబడీ ఏ రోజుకారోజు రాసుకోండి. ధర మీరే నిర్ణయించండి, లెక్కల పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి. రింగు మీ చేతిలో ఉంటేనే కదా, ఎక్కడ నిలబడాలో మీకు తెలిసేది!