కొత్త ఇంటర్నెట్ చిరునామాలు: ఇంటి రూటర్‌లో ఐపీవీ6, స్థిర మార్గాల అమరిక

కింద దుకాణం, పైన నివాసం, పక్క వాటాలో అద్దెకున్నవారు. నగరంలో తరతరాలుగా స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాల ఇళ్ళు ఈ తీరునే ఉంటాయి. అటువంటి ఇంటికి ఇంటర్నెట్ కనెక్షన్ సాధారణంగా ఒకటే ఉంటుంది. దానిని పంచుకోవడానికి కింద ఒక రూటర్, పైన మరొక రూటర్ అమర్చుకుంటారు. పాత చిరునామా విధానంలో ఈ ఏర్పాటు పెద్దగా ఆలోచించకుండానే పనిచేసేది. ఐపీవీ6 అనే కొత్త విధానం వచ్చిన తరువాత అదే ఇంటిలో కొన్ని పనులు ఆగిపోవడం, మేడ మీది ఫోనులో దుకాణం కెమెరా కనిపించకపోవడం వంటి ఇబ్బందులు తలెత్తుతున్నాయి. చాలా సందర్భాలలో లోపం కనెక్షన్‌లో ఉండదు. రూటర్‌కు దారి చెప్పకపోవడంలో ఉంటుంది. ఆ దారిని చెప్పే పద్ధతి, దానితోపాటు తప్పక తీసుకోవలసిన భద్రతా జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

పాత చిరునామాలు ఎందుకు చాలలేదు

ఇంటర్నెట్‌లో ప్రతి పరికరానికీ ఒక సంఖ్యారూప చిరునామా అవసరం. 1981లో ప్రమాణంగా ప్రకటించబడిన ఐపీవీ4 విధానంలో చిరునామా నిడివి 32 బిట్లు. ఆ లెక్కన ప్రపంచం మొత్తానికి ఏర్పడే చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. అంతర్జాతీయ స్థాయిలో పంపిణీకి మిగిలిన చివరి భాగాలు 2011 ఫిబ్రవరి 3న పంచివేయబడ్డాయి.

ఈ కొరతను తట్టుకోవడానికి అమలులోకి వచ్చిన ఉపాయాన్ని ఉత్తరాల భాషలో ‘కేరాఫ్’ అని చెప్పుకోవచ్చు. ఇంటిలో ఎందరున్నా బయటి ప్రపంచానికి ఇంటి యజమాని పేరు ఒక్కటే తెలుస్తుంది. వచ్చిన ఉత్తరాన్ని ఆయనే లోపలివారికి అందజేస్తాడు. రూటర్ చేసే ఈ పనిని సాంకేతికంగా ‘నాట్’ అంటారు. తరువాత ఇదీ చాలక, సేవాసంస్థలు అనేక ఇళ్ళను కలిపి ఒకే చిరునామా వెనుక ఉంచడం మొదలుపెట్టాయి. ఒక వీధికంతటికీ ఒకే కేరాఫ్ అన్నమాట. అటువంటి కనెక్షన్‌లో ఇంటిలోని కెమెరా రికార్డర్‌కు బయటి నుండి నేరుగా చేరడం సాధ్యం కాదు.

ఐపీవీ6లో చిరునామా నిడివి 128 బిట్లు. ఏర్పడే చిరునామాల సంఖ్య రాయాలంటే 39 అంకెలు కావాలి. అందువలన ప్రతి ఫోనుకూ, ప్రతి కెమెరాకూ సొంత డోరు నంబరు ఇవ్వవచ్చు. కేరాఫ్ అవసరం తీరిపోతుంది. భారత ప్రభుత్వ టెలికాం విభాగం ఈ మార్పు కోసం 2010 జూలైలో మొదటి జాతీయ ప్రణాళికను, 2013లో రెండవదానిని విడుదల చేసింది. ఐపీవీ6 వాడకంలో ముందున్న దేశాలలో నేడు భారతదేశం ఒకటి. వినియోగదారునికి తెలియకుండానే అతని ఫోను ఈ విధానంలో పనిచేస్తూ ఉండవచ్చు.

చిరునామాను చదివే విధానం

ఐపీవీ6 చిరునామాలో ఎనిమిది భాగాలు ఉంటాయి. వాటి మధ్య రెండు చుక్కల గుర్తు ఉంటుంది. ప్రతి భాగంలో నాలుగు స్థానాలు. వాటిలో 0 నుండి 9 వరకు అంకెలు, ఆంగ్లంలోని ఎ నుండి ఎఫ్ వరకు ఆరు అక్షరాలు వస్తాయి. ఈ పుస్తికలో ఆ అక్షరాలు తెలుగులో అచ్చయ్యాయి. రూటర్‌లో నమోదు చేసేటప్పుడు ఆంగ్ల అక్షరాలనే వాడాలి.

ఉదాహరణకు పూర్తి చిరునామా ఇలా ఉందనుకుందాం:

2001:0డిబి8:0025:4001:0000:0000:0000:0015

ప్రతి భాగంలోనూ ముందున్న సున్నాలను వదిలివేయవచ్చు. వరుసగా వచ్చే సున్నా భాగాలను కలిపి రెండు జంట చుక్కలతో సూచించవచ్చు. అయితే ఒక చిరునామాలో ఈ సంక్షేపం ఒక్కసారే చెల్లుతుంది. పై చిరునామా అప్పుడు ఇలా మారుతుంది:

2001:డిబి8:25:4001::15

2001:డిబి8తో మొదలయ్యే చిరునామాలు పుస్తకాలలో ఉదాహరణల కోసమే కేటాయించబడినవి. వాటిని సొంత రూటర్‌లో నమోదు చేయరాదు. సేవాసంస్థ ఇచ్చిన అంకెలనే వాడాలి.

చిరునామా ముందుభాగాన్ని ‘ప్రిఫిక్స్’ అంటారు. అది వీధి పేరు వంటిది. మిగిలినది డోరు నంబరు వంటిది. ప్రిఫిక్స్ నిడివిని గీత తరువాత రాస్తారు. /64 అంటే మొదటి 64 బిట్లు వీధికి చెందినవని అర్థం. ఇంటిలోని ఒక్కొక్క నెట్‌వర్క్‌కు ఒక /64 అవసరం. సేవాసంస్థ /56 ఇస్తే అందులో 256 నెట్‌వర్క్‌లు ఏర్పరచుకోవచ్చు. ఒకే ఒక్క /64 ఇస్తే దానిని రెండు అంతస్తులకు పంచడం సరియైన పద్ధతి కాదు. ఎందుకంటే పరికరాలు తమ చిరునామాను తామే ఏర్పరచుకునే విధానం /64 కంటే చిన్న భాగంలో పనిచేయదు.

మరొక రకం చిరునామా కూడా తెలిసి ఉండాలి. ఎఫ్ఇ80తో మొదలయ్యేవి ఒకే తీగకు లేదా ఒకే వైఫైకి పరిమితమైన ‘లింక్ లోకల్’ చిరునామాలు. ఇవి ప్రతి పరికరానికీ తప్పనిసరిగా ఉంటాయి. రూటర్లు ఒకదానినొకటి పలకరించుకోవడానికి ఎక్కువగా వాడేవి ఇవే.

రెండవ రూటర్ అవసరమా?

అమరిక ప్రారంభించే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. పై అంతస్తుకు వైఫై అందితే చాలు అనుకుంటే రెండవ పరికరాన్ని ‘యాక్సెస్ పాయింట్’ రీతికి మార్చడం మేలు. అప్పుడు ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది. స్థిర మార్గాల అవసరమే రాదు. సేవాసంస్థ ఒకే /64 ఇచ్చినప్పుడు కూడా ఇదే తగిన మార్గం.

దుకాణానికి వచ్చేవారు వాడే వైఫై వేరుగా, కుటుంబం ఫోన్లు వేరుగా ఉండాలనుకున్నప్పుడు, లేదా అద్దెవారి నెట్‌వర్క్‌ను విడదీయాలనుకున్నప్పుడు మాత్రం రెండవ రూటర్ నిజంగా రూటర్‌గానే పనిచేయాలి.

స్థిర మార్గం అంటే ఏమిటి

రూటర్ తన వద్దకు వచ్చిన ప్రతి సమాచార పొట్లాన్నీ ఎటు పంపాలో ఒక పట్టిక చూసి నిర్ణయిస్తుంది. తపాలా కార్యాలయంలో ఉత్తరాలను ఊళ్ళ వారీగా సంచులలో వేయడం వంటిదే ఈ పని. తనకు నేరుగా తగిలి ఉన్న వీధులు రూటర్‌కు తెలుసు. తెలియని చిరునామాలన్నీ ‘డిఫాల్ట్ రూట్’ అనే ఒకే సంచిలో పడి సేవాసంస్థ వైపు వెళతాయి. పట్టికలో ఈ మార్గాన్ని ::/0 అని చూపుతారు. మనిషి స్వయంగా రాసి పట్టికలో చేర్చే మార్గమే స్థిర మార్గం.

పాత విధానంలో మేడ మీది రూటర్ కూడా కేరాఫ్ పద్ధతినే పాటించేది. కనుక కింది రూటర్‌కు పైన మరొక వీధి ఉన్నదనే సంగతే తెలియనవసరం లేకపోయేది. ఐపీవీ6లో ఆ ముసుగు లేదు. పైనుండి బయలుదేరిన పొట్లం తన అసలు చిరునామాతోనే వెళుతుంది; సమాధానం ఆ చిరునామాకే తిరిగి రావాలి. వెళ్ళే దారి ఒక్కటే తెలిస్తే చాలదు. వచ్చే దారి కూడా రూటర్లకు తెలిసి ఉండాలి.

ఒక ఇంటి ఉదాహరణ

సేవాసంస్థ ఒక ఇంటికి 2001:డిబి8:25:4000::/56 ఇచ్చిందనుకుందాం. దుకాణంలోని మొదటి రూటర్ నెట్‌వర్క్ 2001:డిబి8:25:4001::/64. బిల్లింగ్ కంప్యూటరు, కెమెరా రికార్డర్ ఇందులో ఉన్నాయి. మేడ మీది రెండవ రూటర్ నెట్‌వర్క్ 2001:డిబి8:25:4002::/64. ఇందులో కుటుంబం ఫోన్లు, టీవీ ఉన్నాయి. రెండవ రూటర్ బయటి వైపు తీగ మొదటి రూటర్‌కు తగిలించబడి ఉంది.

మేడ మీది ఫోను రికార్డర్‌ను అడుగుతుంది. ప్రశ్న రికార్డర్‌కు చేరుతుంది. రికార్డర్ సమాధానాన్ని మొదటి రూటర్‌కు అప్పగిస్తుంది. 4002 వీధి ఎక్కడున్నదో తెలియని మొదటి రూటర్ దానిని సేవాసంస్థ వైపు పంపివేస్తుంది. ఆ ప్రిఫిక్స్ ఈ ఇంటిదే కనుక సేవాసంస్థ దానిని తిరిగి పంపుతుంది. పొట్లం ఇలా గడప దాటుతూ, తిరిగి వస్తూ, ప్రతి రూటర్ వద్దా ఒక్కొక్కటిగా తగ్గే గడువు సంఖ్య సున్నాకు చేరిన తరువాత నశిస్తుంది. కొన్ని రూటర్లు మాత్రం తమ ప్రిఫిక్స్‌లో వాడని భాగాలకు వచ్చిన పొట్లాలను అక్కడే ఆపివేస్తాయి. ఏది జరిగినా మేడ మీది ఫోనులో కెమెరా దృశ్యం కనిపించదు.

అమరిక క్రమం

కొన్ని రూటర్లు ప్రిఫిక్స్‌లో ఒక భాగాన్ని రెండవ రూటర్‌కు తామే అప్పగించి, మార్గాన్ని కూడా పట్టికలో రాసుకుంటాయి. ఈ సౌకర్యాన్ని ‘ప్రిఫిక్స్ డెలిగేషన్’ అంటారు. అది ఉంటే దానినే వాడుకోవాలి. లేనప్పుడు ఈ క్రమం అనుసరించాలి.

1. మొదటి రూటర్‌లో ఐపీవీ6ను ప్రారంభించి, సేవాసంస్థ ఇచ్చిన ప్రిఫిక్స్ చేరినదో లేదో స్థితి పేజీలో చూడాలి. లోపలి నెట్‌వర్క్‌కు 4001 భాగాన్ని కేటాయించాలి.

2. రెండవ రూటర్ బయటి వైపున 2001:డిబి8:25:4001::2 చిరునామాను నమోదు చేయాలి. గేట్‌వేగా మొదటి రూటర్ లింక్ లోకల్ చిరునామాను ఇవ్వాలి. దీనితో వెళ్ళే దారి ఏర్పడుతుంది.

3. రెండవ రూటర్ లోపలి వైపున 2001:డిబి8:25:4002::1, నిడివి 64 అని నమోదు చేసి, ‘రూటర్ అడ్వర్టైజ్‌మెంట్’ను ప్రారంభించాలి. దాని ఆధారంగానే ఫోన్లు తమ చిరునామాలను ఏర్పరచుకుంటాయి.

4. మొదటి రూటర్‌లో స్థిర మార్గాల పేజీ తెరవాలి. గమ్యం 2001:డిబి8:25:4002::/64, తరువాతి మజిలీ రెండవ రూటర్ బయటి వైపు లింక్ లోకల్ చిరునామా, ఇంటర్‌ఫేస్ లోపలి నెట్‌వర్క్. ఈ మూడింటినీ నమోదు చేసి భద్రపరచాలి. దీనితో వచ్చే దారి ఏర్పడుతుంది.

ఇంటర్‌ఫేస్ పేరు రాయడం మరువరాదు. ఎఫ్ఇ80 చిరునామాలు ప్రతి తీగ మీదా ఉండగలవు గనుక ఏ తీగ వైపు వెళ్ళాలో రూటర్‌కు విడిగా చెప్పాలి. రెండవ రూటర్‌ను మార్చినప్పుడు దాని లింక్ లోకల్ చిరునామా కూడా మారవచ్చు. అప్పుడు ఈ నమోదును సరిదిద్దాలి.

ప్రిఫిక్స్ మారితే

గృహ కనెక్షన్లలో రూటర్ ఆపి తిరిగి ప్రారంభించినప్పుడు ప్రిఫిక్స్ మారిపోయే అవకాశం ఉంది. నిన్న రాసిన స్థిర మార్గం నేడు ఎవరికీ చెందని వీధిని చూపుతుంది. దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి. మొదటిది, మారని ప్రిఫిక్స్ ఇవ్వవలసిందిగా సేవాసంస్థను కోరడం. రెండవది, ఇంటి లోపలి అవసరాలకు ఎఫ్డితో మొదలయ్యే స్థానిక చిరునామాలను అదనంగా ఏర్పరచుకోవడం. ఇవి బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. కాని సేవాసంస్థ మారినా ఇవి మారవు. మేడ మీది నుండి దుకాణం రికార్డర్ చూడటానికి ఈ చిరునామాలతో స్థిర మార్గం రాసుకుంటే సరిపోతుంది. బయటి ఇంటర్నెట్‌కు మాత్రం అసలు ప్రిఫిక్స్ తప్పనిసరి.

తాళం మరువరాదు

కేరాఫ్ పద్ధతిలో బయటివారు లోపలి పరికరాన్ని నేరుగా పలకరించలేకపోయేవారు. అది దాని ముఖ్యోద్దేశం కాకపోయినా ఒక అడ్డుగోడగా ఉపయోగపడింది. ఐపీవీ6లో ప్రతి పరికరానికీ సొంత డోరు నంబరు ఉంది గనుక తలుపుకు తాళం విడిగా వేయాలి. ఆ తాళమే ‘ఫైర్‌వాల్’. లోపలి నుండి బయలుదేరిన ప్రశ్నలకు వచ్చే సమాధానాలను అనుమతించి, పిలవకుండా వచ్చేవాటిని నిలిపివేయడం దాని పని.

కెమెరా పనిచేయడం లేదని ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేయడం ప్రమాదకరం. తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌తోనే ఉన్న కెమెరా అప్పుడు లోకమంతటికీ తెరిచిన కిటికీ అవుతుంది. దుకాణం గల్లా, ఇంటి గుమ్మం, పిల్లలు ఆడుకునే వరండా అపరిచితుల కంటపడతాయి. బయటి నుండి చేరవలసిన పరికరం నిజంగా ఉంటే, ఆ ఒక్క చిరునామాకు, ఆ ఒక్క పోర్టుకు మాత్రమే అనుమతి రాయాలి. రూటర్ నిర్వహణ పేజీ బయటికి తెరచి ఉండరాదు. రూటర్, కెమెరాల పాస్‌వర్డ్‌లను మొదటి రోజే మార్చాలి.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉంది. ఐసీఎంపీవీ6 అనే సందేశాలను పూర్తిగా నిరోధించరాదు. పొట్లం పరిమాణం ఎక్కువైనదని తెలియజేసేవి ఈ సందేశాలే. వాటిని ఆపితే కొన్ని వెబ్‌సైట్లు సగం తెరుచుకుని నిలిచిపోతాయి.

పరీక్షించే విధానం

మేడ మీది కంప్యూటరులో మొదట రెండవ రూటర్‌కు, తరువాత మొదటి రూటర్‌కు, ఆ తరువాత రికార్డర్‌కు, చివరగా బయటి ఐపీవీ6 చిరునామాకు ‘పింగ్’ ఆదేశం పంపాలి. ఎక్కడ సమాధానం ఆగిందో లోపం ఆ మజిలీలోనే ఉంటుంది. మొదటి రూటర్ నుండే సమాధానం రాకపోతే, తిరుగు దారి రాయబడినదో లేదో చూడాలి. ‘ట్రేస్‌రూట్’ ఆదేశంలో అవే రెండు చిరునామాలు మార్చి మార్చి కనిపిస్తే పొట్లం రెండు రూటర్ల మధ్య తిరుగుతున్నదని గ్రహించాలి.

సేవాసంస్థను అడగవలసినవి

కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు, లేదా సాంకేతిక సిబ్బంది ఇంటికి వచ్చినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం రాయించుకోవడం మంచిది.

- ఈ కనెక్షన్‌లో ఐపీవీ6 ఉన్నదా?
- ఇచ్చే ప్రిఫిక్స్ నిడివి ఎంత: /56, /60, లేక /64?
- ఆ ప్రిఫిక్స్ మారకుండా ఉంటుందా?
- ఇచ్చిన రూటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్, స్థిర మార్గాల పేజీ వినియోగదారునికి అందుబాటులో ఉన్నాయా?

ఈ సమాధానాలతోపాటు రెండు రూటర్ల చిరునామాలు, రాసిన స్థిర మార్గం, అనుమతించిన పోర్టు ఒక కాగితంపై నమోదు చేసి కరెంటు బిల్లుల ఫైలులో భద్రపరచాలి. పాస్‌వర్డ్‌లను మాత్రం ఆ కాగితంపై రాయరాదు. రూటర్ పాడై కొత్తది అమర్చవలసి వచ్చిన రోజున, వచ్చిన సిబ్బంది ఏ భాష మాట్లాడేవారైనా, ఆ కాగితం చూసి అమరికను తిరిగి చేయగలుగుతారు.