మన పాటకు మన పేరు: ప్రెస్ కిట్ ఎందుకు, ఎట్ల?

పోయినేడు చలికాలంల పట్నం నుంచి ఒక ఫోనొచ్చింది. మూడు రోజుల సంగీత పండుగ చేస్తున్నరట. "అన్నా, మీ దిక్కు ఒకామె డప్పుల నడుమ నిలబడి పాడతదట గదా. ఆమె వివరాలు జర పంపుతవా? రేపు పొద్దుగాల మా మీటింగున్నది" అన్నడు అటు దిక్కు పిలగాడు. నాకు మస్తు సంబురమైంది. వెంటనే ఆమెకు ఫోన్ చేసి "అక్కా, నీ డిటేల్స్ పంపు" అన్న. రాత్రి తొమ్మిదింటికి నా వాట్సాప్‌ల ఏమొచ్చిందో ఎరుకేనా? ఆధార్ కార్డు ఫోటో, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, ఎవల్దో పెండ్లిల దూరం నుంచి తీసిన ఒక మసక వీడియో.

అక్క తప్పేమున్నది? ఇన్నేండ్లల్ల ఆమెను డిటేల్స్ అడిగినోళ్లంత దఫ్తరోళ్లే. ఆళ్లడిగేటియి గవ్వే. నేను మాత్రం ఏం తక్కువ తిన్న? ఇరవై ఏండ్ల సంది ధర్నాలల్ల, సభలల్ల ఆమెతోని పాడించుకున్నోన్ని, నా ఫోన్ల ఆమెది సక్కటి ఫోటో ఒక్కటి లేకపాయె. తెల్లారి మీటింగయింది, ఆ జాగల ఇంకో బృందం పేరొచ్చింది. ఆళ్లు గూడ మంచిగనే పాడిన్రు, నేను కాదనను. ఆళ్లు మాత్రం ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాలకే ఒక లింకు పంపిన్రట.

ఆ లింకునే ఎలక్ట్రానిక్ ప్రెస్ కిట్ అంటరు, పొట్టిగ ఈపీకే. పేరు జూసి బెదరొద్దు. ఎనుకట పాటల కంపెనీలు పత్రికలకు ఒక ఫైలు పంపేటివి. అండ్ల కళాకారుని ఫోటో, నాలుగు ముక్కల పరిచయం, ఒక క్యాసెట్టు ఉండేటిది. గదే ఇప్పుడు ఇంటర్నెట్‌ల ఒక పేజీ, లేకుంటె ఒక ఫోల్డరు. విలేకరి, సభ పెట్టేటోడు, రేడియోల పనిజేసేటామె, సినిమా కోసం గొంతు ఎతుకుతున్నోడు, ఎవలైనా దాన్ని తెరిస్తె వీళ్లెవలు, ఎట్ల పాడతరు, అచ్చేసుకోనీకె ఫోటో ఏది, ఎవలకు ఫోన్ చెయ్యాలె అనేది మళ్ల అడిగే పనిలేకుంట దొరకాలె. అంతే కథ.

అక్క ముచ్చట అయినంక నేను గీ పని కూసొని నేర్సుకున్న. కంప్యూటర్ కోర్సు నేనేడ జేసిన, యూట్యూబుల జూసుకుంట, అండ్లిండ్ల అడుక్కుంట నేర్సిన. అందుకే నా అసొంటోళ్లకు సమజయ్యేటట్టు జెప్త.

ముందుగాల పరిచయం. మూడు సైజులు రాసి పెట్టుకోవాలె: రెండు వాక్యాలది ఒకటి, వంద మాటలది ఒకటి, ఒక పేజీది ఒకటి. పోస్టరుకు మొదటిది సరిపోతది, పేపరోల్లకు రెండోది కావాలె. "నేను" అని కాదు, "ఆమె", "ఈ బృందం" అని రాయాలె. ఎందుకంటె విలేకరి దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి వార్తల పెట్టుకుంటడు, టైం లేనోనికి అదే ఆసరా. మొదటి వాక్యంల మీకు తప్ప ఇంకోళ్లకు లేనిది ఉండాలె. దర్శనం మొగులయ్యను జూడుండ్రి. 2021ల భీమ్లా నాయక్ పాటల ఆయన గొంతు ఇనవడ్డది, 2022ల పద్మశ్రీ వచ్చింది. అయినా జనం ఆయన్ని గుర్తువట్టేది "12 మెట్ల కిన్నెర మొగులయ్య" అనే. గా నాలుగు మాటలల్ల మనిషి, వాయిద్యం, ఇంకోళ్ల దగ్గర లేని పనితనం అన్నీ ఉన్నయి. మనోళ్లు రాసేదేమో "చిన్ననాటి నుండి సంగీతంపై మక్కువతో" అని. గట్ల రాస్తె వెయ్యి మందిల ఒకరైతరు. తెలుగుల ఒకటి, ఇంగ్లీషుల ఒకటి ఉంటె మంచిది. ఇంగ్లీషు రాకుంటె ఊర్లె డిగ్రీ చదివే పిల్లతోని రాయించుండ్రి, కానీ రాసినంక ఒకసారి తెలుగుల చెప్పించుకొని ఇనుండ్రి.

ఫోటోల కాడ అందరం ఆగమైతం. వాట్సాప్‌ల మామూలుగ పంపితె ఫోటో సైజు పడిపోతది. ఫోన్ల మంచిగ కనవడ్డా పేపర్ల అచ్చేస్తె మసక మసకే. అచ్చుకు ఇంచుకు 300 చుక్కలు కావాలంటరు. అంటె పది ఇంచుల ఫోటోకు 3000 పిక్సెళ్ల వెడల్పు. అందుకే డాక్యుమెంట్ లెక్క పంపాలె, లేకుంటె డ్రైవ్‌ల పెట్టాలె. అడ్డంగ ఒకటి, నిలువుగ ఒకటి, పాడుతున్నప్పటిది ఒకటి ఉంటె చాలు. పొద్దున ఎండ లేతగ ఉన్నప్పుడు మీ వాకిట్లనే తియ్యుండ్రి. స్టూడియోల జలపాతం బొమ్మ ఎనుక పెట్టుకొని తీసుకోకుండ్రి. ఫైలుకు పేరు గూడ పెట్టాలె. నంబర్ల పేరుతోని పోయిన ఫోటో ఎవలదో పేపరాఫీసుల ఎవలికి తెల్వది. తీసినోని పేరు కింద రాయుండ్రి, ఆనిది గూడ పనే గదా.

ఇగ వీడియో. గిక్కడ ఒక తిరకాసున్నది. మన దిక్కు యూట్యూబుల జానపద పాటలు లక్షల మంది చూస్తున్నరు. కానీ చానా పాటలల్ల గొంతొకరిది, తెర మీద ఆడేది ఇంకొకరు. పాడినామె పేరు కింద వివరాలల్ల ఏడో వరుసల, ఎనిమిదో వరుసల ఉంటది, అది గూడ ఉంటెనే. చానెల్ ఇంకోల్లది, పాటకు ఒకసారి ఇచ్చిన పైసలతోని లెక్క ఖతం. గా వీడియో పంపితె సభ పెట్టేటోనికి మీరు కనవడరు, డ్యాన్సు చేసేటోళ్లు కనవడతరు. అందుకని మీరే నిలబడి, ఒక్క దెబ్బల, రెండు మూడు నిమిషాలు పాడిన వీడియో ఒకటి కావాలె. ఫోన్ అడ్డంగ వట్టుండ్రి, గాలి కొట్టని జాగ చూసుకోండ్రి. టైటిళ్లు, డ్రోన్ షాట్లు అక్కర లేదు, మొదటి పది పదిహేను సెకన్లల్లనే గొంతు ఇనవడాలె. సూసేటోడు అంతకన్న ఎక్కువ ఆగడు.

పాటల జాబితా చాలమంది రాయరు, నాకైతే అన్నింటికన్న గదే ముఖ్యం. ప్రతి పాటకు ఎవలు రాసిన్రు, ఎవలు బాణి కట్టిన్రు, తాతల నాటిదైతె ఎవల నోట నేర్సుకున్నరు అనేది రాయాలె. 2021ల లవ్ స్టోరీ సినిమాల 'సారంగ దరియా' వచ్చినప్పుడు, గా జానపదాన్ని ముందుగాల ఎవలు ఎలుగులకు తెచ్చిన్రు, ఎవలకు పేరు దక్కాలె అని ఎంత లొల్లి అయిందో సూసినం. రాసి పెట్టుకుంటె రేపటి లొల్లిల అదొక ఆధారం. 2012ల సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం పాడినోళ్లకు, వాయించినోళ్లకు గూడ తమ పేరు ఎయ్యమని అడిగే హక్కున్నది. పైసలు తీసుకొని పాటను రాసిచ్చినా ఆ హక్కు పోదు. నేను తిరిగిన ఊర్లల్ల గీ సంగతి ఎరుకైన గాయకులు ఇద్దరు ముగ్గురికి మించి కనవళ్లె.

స్టేజీకి ఏమేం కావాలెనో ఒక పేజీ రాయాలె. పట్నపోల్లు దీనికో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నరు గని, మనకు అర్థమయ్యేటట్టు "మాకు కావల్సినయి" అంటె చాలు. డప్పు బృందానికి గిది పానం. తోలు డప్పును వాయించే ముందు మంట మీద కాగబెట్టాలె, లేకుంటె మోగది. ఏసీ హాల్ల మంట పెట్టనిస్తరా? ఒక కాలేజీల మావోళ్లను వాచ్‌మన్ గేటు బయటికి ఎల్లగొట్టిండు, అటెన్క సల్లబడ్డ డప్పులతోనే ఎక్కిన్రు. అందుకే ఇప్పుడు ముందే రాస్తున్నం: హాలు పక్కపొంటి ఇంత కాళీ జాగ, కొంచెం గడ్డి, ఎక్కే ముందు ఇరవై నిమిషాలు. ఫైబర్ డప్పులైతె గీ బాధ లేదు, కానీ అక్కకు ఆ చప్పుడు నచ్చది. ఎన్ని మైకులు, అడుగులేసి ఆడతరు కాబట్టి కాళ్ల కింద వైర్లు ఉండొద్దని, ఎంత మంది వస్తరు, అండ్ల ఆడోళ్లెంత మంది, బట్టలు మార్సుకోనీకె గది, అన్నీ రాయుండ్రి. సిగ్గుపడేదేం లేదు.

రేటు కిట్ల రాయకుండ్రి, అది ఫోన్ల మాట్లాడుకునే ముచ్చట. ఆధార్, పాసుబుక్కు అసలే పెట్టొద్దు. ఆ లింకు ఎవల చేతులకు పోతదో మనకెరుకనా? వచ్చిన వార్తల కత్తిరింపులు ఉంటె తారీకుతోని పెట్టుండ్రి. రాని బిరుదులు తగిలించకుండ్రి, అడిగితె చెప్పనీకె రాదు. ఫోన్ నంబర్ మీదే ఉండాలె, ఏజెంటుది గాదు. మీకు ఫోన్ల మాట్లాడుడు కష్టమైతె బిడ్డదో కొడుకుదో పెట్టుండ్రి.

అన్నీ ఒక గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ల ఎయ్యుండ్రి, పైసా ఖర్చు లేదు. జీమెయిల్‌ల 25 ఎంబీ దాటితె ఫైలు అంటుకోదు, అందుకే లింకే పంపాలె. లింకు ఉన్న ఎవలైనా చూడొచ్చు, మార్చరాదు అనే సెట్టింగ్ పెట్టిన్రా లేదా సూసుకోండ్రి. నేను మొదటిసారి గిది మర్శిన. అవతలోడు తెరిస్తె "అనుమతి అడగండి" అని వచ్చింది, ఆయన అడిగిండు, నేను మూడు రోజులకు సూసిన. అప్పటి సంది పంపే ముందు మా ఇంటిదాని ఫోన్ల తెరిచి సూస్తున్న.

అక్క కిట్టు రెండు ఆదివారాల పని అయింది. చదివి ఇనిపిస్తుంటె "మా అమ్మ పేరేది?" అని అడిగింది. తొమ్మిది పాటలు అమ్మ నోట నేర్సినయే. పాటల జాబితాల తొమ్మిది సార్లు ఆ పేరు ఎక్కించినం. సంక్రాంతి తర్వాత రెండు పిలుపులొచ్చినయి, ఒకటి బెంగుళూరు నుంచి. ఇగ మళ్ల ఫోటో తియ్యాలె. డప్పు కొట్టే పిలగాడొకడు దుబాయి పోయిండు, ఆని జాగల ఆని తమ్ముడు వచ్చిండు.